నెలవాయిదా కాదు, మొత్తం ధర అడగండి

షోరూమ్‌లో కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా చేతికిచ్చి, సేల్స్ ఎగ్జిక్యూటివ్ మొదట్లోనే వేసే ప్రశ్న ఒకటుంది. "నెలకు ఈఎంఐ ఎంతలో ఉంటే మీకు ఇబ్బంది ఉండదు సర్?" చాలామంది దాచుకోకుండా చెప్పేస్తారు. "పదమూడు వేల లోపు ఉంటే బాగుంటుందండీ." ఆ మాటతో బేరం చేయి జారినట్టే. ఆ తర్వాత మీ ముందుకొచ్చే ప్రతి కాగితం మీదా పదమూడు వేలకు కాస్త అటూ ఇటూగా ఒక అంకె ఉంటుంది. కారు ధర పైసా తగ్గించనక్కర్లేదు. వడ్డీ ఎక్కువ వేయొచ్చు, అక్కర్లేని సామాన్లు చేర్చొచ్చు. అప్పు గడువును ఐదేళ్ల నుంచి ఏడేళ్లకు జరిపితే చాలు, అంకె మీరు కోరినచోటే కనిపిస్తుంది.

ఆ ప్రశ్నకు మీరు చెప్పాల్సిన జవాబు ఇది: "ఫైనాన్స్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఈ వేరియంట్ ఆన్‌రోడ్ ధర విడివిడిగా రాసివ్వండి."

ఇల్లు, పెళ్లి తర్వాత మధ్యతరగతి కుటుంబం ఒక్కసారిగా ఖర్చుపెట్టే పెద్ద మొత్తం చాలాచోట్ల కారుదే. అయినా బట్టల కొట్లో వంద రూపాయలకు గట్టిగా నిలబడే మనిషి, ఏసీ షోరూమ్‌లో ఇరవై వేల దగ్గర నోరు మెదపడు. అడిగితే చులకనైపోతామేమోనని బెరుకు. ఆ బెరుకు వదిలిపెట్టండి. ఎదురుగా కూర్చున్న కుర్రాడు రోజూ చేసే పని బేరమే. నెలకు ఇన్ని బళ్లు అమ్మాలని అతనికి టార్గెట్ ఉంటుంది. మర్యాదగా, స్పష్టంగా అడిగే కస్టమరంటే అతనికీ గౌరవమే.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కారు కొనేటప్పుడు జరిగేది ఒక బేరం కాదు, ఐదు. కారు ధర, మీ పాత బండి ధర, అప్పు, బీమా, యాక్సెసరీస్. ఈ ఐదింటినీ ఒకే ముద్దగా కలిపి మాట్లాడటం షోరూమ్‌కు లాభం. దేనికది విడదీసి మాట్లాడటం మీకు లాభం. ఒకచోట పదివేలు తగ్గించి ఇంకోచోట పదిహేను వేలు కలిపితే, కలిపిన చోటు మీకు కనపడాలి. అది కనపడేది కాగితం మీదే.

కొటేషన్‌ను చదవడం

కొటేషన్‌లో మొదటి వరుస ఎక్స్‌షోరూమ్ ధర. ఇది కంపెనీ నిర్ణయించేది, జీఎస్టీ ఇందులోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లెక్క మారింది. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, ఇంజిన్ పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకుండా ఉన్న కారుకు 18 శాతం. దాని కంటే పెద్దదైతే 40 శాతం. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం. చిన్న కారుకూ దాని పై తరగతి కారుకూ మధ్య ధర ఒక్కసారిగా పెరగడానికి ఈ పన్ను ఒక ముఖ్య కారణం. ఎక్స్‌షోరూమ్ ధర ఒకే ఊళ్లోని డీలర్లందరి దగ్గరా దాదాపు ఒకటే కాబట్టి, బేరమంతా దాని మీద ఇచ్చే డిస్కౌంట్ దగ్గరే.

రెండో వరుస లైఫ్ ట్యాక్స్. ఇది ప్రభుత్వానికి వెళ్లేది, ఇందులో బేరం లేదు. కానీ తెలివిగా ఎంచుకోవడం ఉంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కారు ధర పెరిగేకొద్దీ పన్ను శాతం కూడా పెరుగుతుంది. 10 లక్షల గీత దాటగానే ఈ పెరుగుదల బాగా తెలుస్తుంది. పన్ను మూడు శాతం పెరిగిందనుకుంటే, పది లక్షల కారు మీద ముప్పై వేలు. దానికి తోడు 10 లక్షలు దాటిన కారు మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు. అంటే 9.90 లక్షల వేరియంట్ వదిలేసి 10.10 లక్షల వేరియంట్ తీసుకుంటే తేడా ఇరవై వేలతో ఆగదు. ఆ పై వేరియంట్‌లో మీకు నిజంగా పనికొచ్చేది ఉందా, లేక సన్‌రూఫ్ ఒక్కటే ఉందా అని ఇంట్లో కూర్చుని ఆలోచించండి. టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, రీఫండ్ తీసుకోవచ్చు. అందుకే పాన్ నంబరు సరిగ్గా రాయించండి. రిటర్న్ వేయనివాళ్లు ఆ డబ్బును వదులుకుంటున్నారు.

ఎలక్ట్రిక్ కారు ఆలోచన ఉన్నవాళ్లకు ఇక్కడే ఇంకో మాట. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు వీటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. గడువు, షరతులు కొనే ముందు రవాణా శాఖ దగ్గర సరిచూసుకోండి.

మూడో వరుస బీమా. షోరూమ్‌కు మంచి రాబడి వచ్చేది ఇక్కడే. అందువల్ల దీని మీద మీరు పెట్టే అరగంట దండగ కాదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2018 సెప్టెంబర్ నుంచి ఇది అమల్లో ఉంది. దీని ప్రీమియం ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు మూడేళ్లకు 10,640 రూపాయలు, దానిపైన జీఎస్టీ. తేడా వచ్చేదంతా మీ బండికి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగంలోనూ, జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్ట్ వంటి యాడ్-ఆన్‌లలోనూ.

షోరూమ్ ఇచ్చిన బీమా కాగితంలో ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత, ఏయే యాడ్-ఆన్‌లు ఉన్నాయో చూసుకుని, అవే వివరాలతో బయట రెండు కంపెనీల దగ్గర ధర తీసుకోండి. ఐడీవీ తగ్గించి చౌకగా చూపించే పాలసీని పక్కన పెట్టండి. రెండూ సమానంగా ఉన్నప్పుడే పోలిక. "బీమా మా దగ్గరే తీసుకోవాలి సర్, లేకపోతే డిస్కౌంట్ రాదు, క్యాష్‌లెస్ కూడా ఉండదు" అంటారు. తమ దగ్గరే బీమా తీసుకోవాలని బలవంతపెట్టే హక్కు డీలరుకు లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతి తేల్చాయి. క్యాష్‌లెస్ అనేది బీమా కంపెనీకీ ఆ వర్క్‌షాపుకూ ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఎంచుకున్న కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీల జాబితాలో మీ ఊరి సర్వీస్ సెంటరు పేరుందో లేదో చూసుకోండి. చాలాసార్లు బయటి ధర చూపించగానే షోరూమ్ వాళ్లే దిగివస్తారు. ధర సరిపోతే అక్కడే తీసుకోండి, తప్పేమీ లేదు.

పాత కారు ఉన్నవాళ్లు తరచూ మరచిపోయేది నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ). క్లెయిమ్ చేయకుండా ఐదేళ్లు గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీని అడిగి ఎన్‌సీబీ పత్రం తీసుకుంటే కొత్త కారు పాలసీకి మార్చుకోవచ్చు. మూడేళ్ల దాకా చెల్లుతుంది. ఈ మాట షోరూమ్ వాళ్లు తమంతట తాము చెప్పడం అరుదు. మీరే అడగాలి.

ఇక హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, డిపో చార్జీలు, ఏ పేరు పెట్టినా సరే. బండిని షోరూమ్ దాకా తెచ్చిన ఖర్చు ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఉంది. దాన్ని మళ్లీ మీ నెత్తిన వేయడం న్యాయం కాదు. ఆ వరుస కొట్టేయమని చెప్పండి. గొడవ అక్కర్లేదు. "ఈ ఐదు వేలకు విడిగా బిల్లు ఇవ్వండి, ఏ సేవకో రాయండి" అని అడగండి చాలు.

చివర్న ఉండేది యాక్సెసరీస్ ప్యాకేజీ. ముప్పై వేలో నలభై వేలో ఒకే అంకె వేస్తారు. లోపల ఏముందో అడిగితే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, టెఫ్లాన్ కోటింగ్ వస్తాయి. ఒక్కో వస్తువు ధర రాసివ్వమనండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లో బళ్ల సామాన్లు అమ్మే బజారులోనో వాటి ధరలు కనుక్కోండి. "ఇరవై వేల యాక్సెసరీస్ ఫ్రీ" అన్న మాటకు "అవి వద్దు, ఆ మేరకు ధర తగ్గించండి" అనడమే జవాబు. సీటు కవర్ల విషయంలో మాత్రం డబ్బు కంటే ముఖ్యమైనది ప్రాణం. ముందు సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అది సీటు పక్కనుంచి తెరుచుకుంటుంది. మామూలు కవరు బిగుతుగా కుట్టించేస్తే ప్రమాదంలో అది సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. కవరు ఎక్కడ కొన్నా, ఎయిర్‌బ్యాగ్ చోటు వదిలి కుట్టిందో లేదో చేత్తో తడిమి చూడండి.

బేరం ఎలా ఆడాలి

ఒకే కంపెనీకి ఊళ్లో ఇద్దరు ముగ్గురు డీలర్లు ఉంటారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి చోట్ల ఇంకా ఎక్కువ. మీకు కావలసిన వేరియంట్, రంగు తేల్చుకున్నాక ఇద్దరి దగ్గరా వాట్సాప్‌లో కొటేషన్ తెప్పించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు. రెండు కాగితాల్లోనూ కింద ఉన్న ఆన్‌రోడ్ మొత్తం పోల్చండి. ఇక సంభాషణ ఇలా సాగుతుంది.

"మీ కొటేషన్ 9,84,000 ఉందండీ. వేరేచోట ఇదే బండి 9,61,000కు ఇస్తున్నారు."

"వాళ్లు బీమా కలిపారో లేదో చూశారా సర్?"

"కలిపారు. ఐడీవీ కూడా అంతే. కాగితం చూపిస్తాను."

"మేనేజర్‌ను అడిగి వస్తాను సర్."

అతను లేచి వెళ్లాక కంగారు పడకండి. తిరిగొచ్చి, "ఇదే లాస్ట్ సర్, ఈ రోజు బుక్ చేస్తేనే" అంటాడు. ఈ రోజుకే అన్న ధర రేపటికి పోవడం అరుదు, నెల మారితే పోవచ్చు. ఈ తేడా తెలియాలి. కంపెనీలు డిస్కౌంట్లు నెలనెలా ప్రకటిస్తాయి, డీలరుకు టార్గెట్లూ నెలకే. అందుకే నెల చివరి వారం బేరానికి అనువైన సమయం. "ఇంట్లో మాట్లాడి రేపు చెప్తాను" అని లేచి రాగలిగినవాడికే మంచి ధర దక్కుతుంది. పిల్లలు బండెక్కి స్టీరింగ్ పట్టుకుని ఫోటోలు దిగాక లేచి రావడం కష్టం. ధర తేలేవరకు షోరూమ్‌కు పెద్దవాళ్లే వెళ్లడం మేలు.

మన ఇళ్లలో ముహూర్తాల పట్టింపు ఉంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ కొత్త బండి తీసుకోవడానికి చాలామంది వెనకాడతారు. షోరూమ్‌లు ఖాళీగా ఉండే ఆ రోజులే మీకు అనుకూలం. దసరాకు, ధనత్రయోదశికి డెలివరీలకు జనం వరుస కడతారు. అప్పుడు మీరు అడిగేది వినే తీరిక ఎవరికీ ఉండదు. నమ్మకాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. ఆషాఢంలో ధర మాట్లాడుకుని, ఇంటికి తెచ్చుకోవడం శ్రావణంలో పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: బిల్లింగ్ ఏ నెలలో అయితే ఆ నెల ఆఫరే వర్తిస్తుందని తర్వాత మాట మార్చే వీలుంది. "డెలివరీ ఫలానా తేదీ, ధర ఇదే" అని బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి.

డిసెంబరు డిస్కౌంట్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాది చివర్లో ధర బాగా తగ్గిస్తారు. జనవరి రాగానే ఆ బండి 'పోయిన ఏడాది మోడల్' అయిపోతుంది కాబట్టి. ఆర్సీ మీద తయారీ నెల, సంవత్సరం అచ్చవుతాయి. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది అదే. పదేళ్లు వాడుకునే కుటుంబానికి ఆ ఒక్క ఏడాది పెద్ద నష్టం కాదు, తగ్గింపు తీసుకోవడమే లాభం. మూడు నాలుగేళ్లకు బండి మార్చేవాళ్లు మాత్రం తగ్గింపు ఎంతో, రేపు అమ్మకంలో పోయేది ఎంతో లెక్కేసుకోవాలి. జనవరి, ఫిబ్రవరిలో కొంటుంటే మీకిచ్చే బండి ఏ నెలలో తయారైందో ముందే అడగండి. చాసిస్ నంబరులో ఆ వివరం సంకేతంగా ఉంటుంది, షోరూమ్ వాళ్లకు అది చదవడం తెలుసు.

కార్పొరేట్ ఆఫర్ అన్నది అడిగినవాళ్లకే దొరుకుతుంది. ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, బ్యాంకు, ఐటీ ఉద్యోగులు గుర్తింపు కార్డు చూపించి అడగండి.

అప్పు లెక్క

షోరూమ్ గడప తొక్కే ముందే మీ జీతం పడే బ్యాంకులో అడిగి, ఎంత వడ్డీకి ఎంత ఇస్తారో తెలుసుకోండి. షోరూమ్‌లో ఉండే ఫైనాన్స్ డెస్క్‌కు మీ అప్పు మీద కమీషన్ ఉంటుంది. మీ చేతిలో బ్యాంకు మాట ఉంటే, వాళ్లు దాని కంటే తక్కువ చూపించాల్సి వస్తుంది.

"మా దగ్గర ఐదున్నర శాతమే సర్" అని ఎవరైనా అంటే, "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి. ఎనిమిది లక్షల అప్పు, ఐదేళ్ల గడువు తీసుకుందాం. 5.5 శాతం ఫ్లాట్ అంటే మొత్తం ఎనిమిది లక్షల మీదా ఐదేళ్లూ వడ్డీ, అంటే 2,20,000. నెలకు 17,000 చొప్పున కట్టాలి. బ్యాంకులో 9 శాతానికి తీసుకుంటే, తీరిపోయిన అసలు మీద వడ్డీ ఉండదు కాబట్టి, నెలవాయిదా సుమారు 16,607, మొత్తం వడ్డీ 1,96,000 చిల్లర. ఐదున్నర కంటే తొమ్మిదే తక్కువ. ఆ ఐదున్నర ఫ్లాట్ నిజానికి దాదాపు పది శాతం వడ్డీతో సమానం.

ఇక మొదట్లో చెప్పిన పదమూడు వేల సంగతి. అదే 9 శాతానికి అదే ఎనిమిది లక్షలు ఏడేళ్లకు తీసుకుంటే వాయిదా 12,871కి దిగుతుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది. మొత్తం వడ్డీ మాత్రం 2,81,000 అవుతుంది. నెలకు మూడు వేల ఏడు వందలు తగ్గించుకున్నందుకు ఎనభై అయిదు వేలు అదనంగా కడుతున్నారు. ఐదేళ్ల వాయిదా కట్టలేమనుకుంటే, గడువు పెంచడం కంటే ఒక మెట్టు కింది వేరియంట్ కొనడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

సంతకం పెట్టే ముందు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అడగండి. రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ రుణాలన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజు వంటివన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో ఏపీఆర్ పేరుతో అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది నిబంధన. తెలుగులో కావాలని అడగడం మీ హక్కు. గడువుకు ముందే తీర్చేస్తే చార్జీ ఎంతో కూడా అందులో చూసుకోండి.

పాత బండి, కొత్త బండి

పాత కారు ఎక్స్ఛేంజ్ మాట కొత్త కారు ధర తేలాకే ఎత్తండి. అప్పుడు కూడా పాత కారు విలువ ఒక వరుసలో, ఎక్స్ఛేంజ్ బోనస్ ఇంకో వరుసలో రాయమనండి. బయట 2,80,000 వచ్చే బండికి షోరూమ్‌లో 2,40,000 వేసి, "ముప్పై వేల బోనస్ సర్" అంటే మీకు పదివేలు నష్టం. ఎవరికి అమ్మినా ఆర్సీ కొన్నవాళ్ల పేరుకు మారేదాకా వదలకండి. ఆర్సీలో మీ పేరున్నంత కాలం ఆ బండి చేసే ప్రమాదానికి బాధ్యులు మీరేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

డబ్బు కట్టడంలో ఒక్క నియమం. ప్రతి రూపాయీ డీలర్‌షిప్ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి, ప్రతిదానికీ రసీదు ఉండాలి. సేల్స్ కుర్రాడు ఎంత మంచివాడైనా అతని సొంత యూపీఐకి బుకింగ్ డబ్బు కూడా పంపకండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం కూడా.

మొత్తం డబ్బు కట్టకముందే, మీ పేర రిజిస్ట్రేషన్ చేయించకముందే బండిని యార్డులో పగటి వెలుతురులో చూడండి. రిజిస్ట్రేషన్ అయ్యాక లోపం కనపడినా బండి మార్చి ఇవ్వడం దాదాపు జరగని పని. చాసిస్ నంబరు రాసుకోండి, ఇన్వాయిస్‌లో అదే ఉండాలి. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో చూడండి. వందల్లో ఉంటే కారణం అడగండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ, స్టెప్నీ దాదాపు ఒకే కాలానివి కావాలి. డోరు అంచుల్లో, బంపర్ కీళ్ల దగ్గర రంగు తేడా ఉందేమో వేలితో తాకి చూడండి. రవాణాలో గీత పడితే రంగు వేసి ఇచ్చే అవకాశం ఉంది. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

పెద్దమ్మ గుడి దగ్గరో, దుర్గమ్మ కొండ కిందో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించాక కూడా కొటేషన్, రసీదులు, ఇన్వాయిస్ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. కాగితం మీద ఉన్న మాట షోరూమ్ తప్పితే మొదట మేనేజర్‌ను రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉన్న కేసులు అక్కడే వేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు ఫిర్యాదు రుసుము 200 రూపాయలు.